ఎర్రప్ప నోరు

హిమబిందు పొద్దున్నే మెట్లెక్కే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఎడమచేత్తో కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కుడిచేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడకు మోచెయ్యి తగలకుండా మెట్టుకు సరిగ్గా నడిమధ్యన అడుగులేస్తుంది. పక్కనున్న కమ్మీ కూడా పట్టుకోదు. ఆ కమ్మీకి ఎన్ని చేతులు ఏమేం తుడిచాయో ఆమెకు తెలుసు.

ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో కింద ఆమె మామగారు వెంకటరమణయ్య అంగడి, పైన ఆమె నెట్ సెంటరు. సెంటరు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న కెమెరా. ఫ్లాపీలు పోయి పెన్‌డ్రైవులు వస్తున్న రోజులవి. రాగానే ఆమె చేసే మొదటి పని కీబోర్డులు తుడవడం. సిమెంటు దుమ్ము సరే, అది ఊరి మీద పడినట్టే వాటి మీదా పడుతుంది. ఆ దుమ్ములో వేళ్ళ జిడ్డు, వక్క పొడి, ఎవడో తుమ్మిన తుంపర కలిసి అక్షరాల మధ్య గట్టిపడి ఉంటుంది. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి దాన్ని గోకి తీసేటప్పుడు ఆమె మొహం చూడాలి.

కానీ ఆమె అసలు బాధ కీబోర్డులు కాదు, మెట్ల గోడ.

లారీల వాళ్ళు అడ్డదిడ్డంగా ఉమ్ముతున్నారని, వెంకటరమణయ్య ఒకప్పుడు ఆ గోడకు దేవుళ్ళ బొమ్మల టైల్సు వేయించాడు. అన్ని మతాల దేవుళ్ళనూ వేయించాడు, ఎవరినీ తక్కువ చేయలేదు. అయితే బొమ్మల టైల్సు ఖరీదు. కోమటి లెక్క కదా, నాలుగు మూలలా నాలుగు బొమ్మలు పెట్టి మధ్యలో గోడంతా చిన్న చిన్న తెల్ల టైల్సుతో నింపేశాడు. ఉమ్మేవాళ్ళు భక్తి ఉన్నవాళ్ళే. దేవుడి మీద ఒక్క చుక్క పడకుండా, చక్కగా గురి చూసి తెల్ల టైల్సు మీదే ఉమ్మారు.

ఆ తర్వాత సంగతి ఊరందరికీ తెలిసిందే. వెంకటరమణయ్య అంగట్లో కొన్న గుట్కా ఎక్కడ నమిలి ఎక్కడ ఉమ్మినా, తెల్లారేసరికి ఆ గోడ మీదికే వస్తుంది. ముద్దనూరు గేటు దగ్గర ఉమ్మినా అంతే, గండికోట చూడబోయి పెన్నా లోయలోకి ఉమ్మినా అంతే. వచ్చింది ఇష్టమొచ్చినట్టు కారదు. ఒక ఉమ్మికి ఒక టైలు, అంచు దాటకుండా, కుంచెతో అద్దినట్టు నిండుతుంది. ఆ ఎర్ర టైల్సన్నీ కలిసి ఒక మనిషి. తల, మొండెం, కాళ్ళు చేతులు, తల మీద టోపీ లాంటిది. పాతవి వెలిసి కొత్తవి పడుతుంటాయి గనక రోజుకో చోట ఉంటాడు. ఒకరోజు కింది మెట్టు దగ్గర, ఒకరోజు మలుపు దగ్గర చెయ్యెత్తి. అతని పేరు ఎర్రప్ప.

వెంకటరమణయ్య మొదట్లో యాసిడ్ పోయించాడు, సున్నం కొట్టించాడు. ఎర్రప్ప పోలేదు. పోనప్పుడు దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"మన సరుకు యాడికి పోయినా మన గోడకే వస్తాదప్పా. ఇంత నమ్మకమైన సరుకు జిల్లాలో ఇంకెవురి కాడ ఉండాది?" అనేవాడు.

హిమబిందు ఆదోని నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్త రామలక్ష్మమ్మ ఇల్లంతా తిప్పి చూపించింది. ఇది వంటిల్లు, ఇది దేవుడి గది, ఇవి మిద్దె మెట్లు, వాడు ఎర్రప్ప. హిమబిందు పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. పెళ్ళయి రెండో రోజు కాబట్టి అత్తకు ఏ ఆశా కలగలేదు.

మధ్యాహ్నాలు సెంటరుకు ఎవరూ రారు. ఆ ఖాళీలో ఒకసారి ఇంటర్నెట్‌లో అదీ ఇదీ చూస్తుంటే ఎక్కడెక్కడి పిల్లలో కామిక్సు పెట్టుకునే ఒక ఫోరం కనిపించింది. వాళ్ళకు బొమ్మలు గీయడం రాదు. పాత వీడియో ఆటల్లో గెంతే చిన్న బొమ్మలను, స్ప్రైట్లంటారు వాటిని, తీసుకొచ్చి గళ్ళలో నిలబెట్టి మాట్లాడిస్తారు. ఆ బొమ్మలన్నీ చదరాలు పేర్చినట్టు ఉన్నాయి. చూడగానే ఆమెకు మెట్ల గోడే గుర్తొచ్చింది. కానీ పేజీ మూయలేదు. ఇంత గలీజు వ్యవహారం వీళ్ళ దగ్గర ఇంత శుభ్రంగా ఎలా ఉందా అని చూస్తూ కూర్చుంది.

తెర మీద ఎరుపు ఎరుపే. దానికి వాసన లేదు, జిగట లేదు, ఈగలు వాలవు. ఎర్రప్పను గోడ మీంచి లేపేయడం ఎవరి వల్లా కాలేదు గానీ, తెర మీదికి తెచ్చి కడగొచ్చు కదా అనిపించింది. అలా మొదలుపెట్టింది.

మొదట అందరూ చేసే తప్పులే చేసింది. ఫోటో తీసి నేరుగా కంప్యూటర్లో బొమ్మలు గీసే పెయింట్‌లో అతికించింది. ఫోటోలో టైలు అంచులన్నీ అలుక్కుపోయి, ఎరుపు పక్కన సగం ఎరుపు, దాని పక్కన బురద రంగు వచ్చాయి. గోడ కంటే అసహ్యంగా ఉంది. ఇలా కాదని, ఫోటో పక్కన పెట్టుకుని, తెరను ఎనిమిదింతలు పెద్దది చేసి, ఒక టైలుకు ఒక చదరం చొప్పున చేత్తో చుక్కలు పెట్టింది. అప్పుడు ఎర్రప్ప చిన్నగా, అంచులు తేటగా, స్నానం చేసి వచ్చినట్టు నిలబడ్డాడు. పెద్దగా కనిపించాలని మూల పట్టుకుని లాగితే ఒక కాలు లావు, ఒక కాలు సన్నం అయింది. పెంచితే సరిగ్గా రెండింతలో మూడింతలో పెంచాలి, మధ్యలో ఆపకూడదని అర్థమైంది. ఫైలు దాచేటప్పుడు మామూలు ఫోటోల్లా జేపెగ్‌గా దాచితే మళ్ళీ అదే బురద.

అన్నిటికంటే ఎక్కువ సతాయించింది నోరు. స్ప్రైట్‌ను తీసుకెళ్ళి బస్టాండు బొమ్మ మీద అతికిస్తే చుట్టూ తెల్ల పెట్టె కూడా వస్తుంది. తెలుపు కనిపించకుండా చేసే బొత్తాం ఒకటుంది, నొక్కింది. పెట్టె పోయింది, దాంతోపాటు ఎర్రప్ప నోరూ పోయింది. అతని నోరంటే గోడ మీద ఎవరూ ఉమ్మని తెల్ల టైల్సే, ఒకదాని కింద ఒకటి మూడు. ఆ నోట్లోంచి వెనక నిలబడిన బస్సు కనిపించింది. చివరికి చుట్టూ ఆకుపచ్చ నింపి, ఆకుపచ్చను మాయం చేసి, నోరు మాత్రం తెల్లగా మిగుల్చుకుంది. ఆరోజు అన్నం కూడా సయించింది.

ఆ తర్వాత చెయ్యి తిరిగింది. నడకకు కాళ్ళు రెండు రకాలుగా మారిస్తే చాలు. మాటకు తెరిచిన నోరు ఒకటి, మూసిన నోరు ఒకటి. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమవైపు నిలబెట్టాలి. మాటలు తక్కువ రాయాలి. అన్ని భంగిమలూ ఒకే పొడుగు ఫైల్లో వరసగా దాచుకుంటే, దాన్ని షీటంటారు, మళ్ళీ మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.

ఒక కామిక్కులో ఎర్రప్ప బస్టాండులో నిలబడి "ఈ ఊరు శానా గలీజప్పా" అంటాడు. రెండో గడిలో చుట్టూ చూస్తాడు. మూడో గడిలో తనను తాను చూసుకుంటాడు. అంతే. ప్రింటు తీసి సెంటర్లో అంటించింది. సిగ్గుపడతారేమోనని ఆమె ఆశ. ఎవరికొచ్చింది సిగ్గు? సిమెంటు లారీ తోలే బొజ్జన్న పడీపడీ నవ్వి, బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు.

"మేడమ్, ఈ ఎడమ చెయ్యి నాదే. మొన్న ముద్దనూరు గేటు కాడ ఊసింది."

"టోపీ మా క్లీనర్‌ది," అన్నాడు ఇంకొకడు. ఎవడి ఉమ్మి ఎక్కడుందో ఎవడికి వాడు గుర్తుపట్టి మురిసిపోయాడు. హిమబిందుకు వాళ్ళ వేలు తగిలిన కాగితం చింపి పారెయ్యాలనిపించింది, పారేసింది కూడా.

ఇక ఇంట్లో సంగతి. ఆమె భర్త కిరణ్‌కుమార్ అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. అతని తల మీదే గుట్కా పొట్లాల దండలు వేలాడుతుంటాయి. చెయ్యెత్తితే అందుతాయి, కాబట్టి చెయ్యెత్తుతూనే ఉంటాడు. పెళ్ళి విందులో అతను లడ్డు మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకుని బుగ్గ ఉబ్బించి ఆమెను నవ్వించాడు. ఆ నవ్వుకే ఆమె అతన్ని ఇష్టపడింది. ఇప్పుడు అతను దగ్గరికొస్తే ఆ తీపి కుళ్ళు వాసనకు ఊపిరి బిగబట్టుకుంటుంది. పళ్ళ సందుల్లో నల్లటి గార, పెదాల మూలల్లో ఎండిన ఎరుపు, దిండు గలీబు మీద మరకలు. ఇంత అసహ్యం వేసే మనిషి మీద ఇంకా ఇష్టం ఎందుకుందో ఆమెకే అర్థం కాక, తన మీద తనకే అసహ్యం వేసేది.

ఆ మధ్య అతను బజ్జీ తినడం మానేశాడు. ఈ సీమలో పొద్దున బొరుగుల ఉగ్గాని పెట్టుకుని పక్కన మిరపకాయ బజ్జీ వద్దన్నవాణ్ణి చూసి జాలిపడతారు. అతను మొదట మిరపకాయ తీసేసి పిండి తిన్నాడు. తర్వాత అదీ వద్దన్నాడు. పప్పు కూడా మంట అన్నాడు. ఉగ్గాని వేళ్ళ కొసలతో కొంచెం కొంచెంగా లోపలికి తోస్తాడు.

"ఆదోనోళ్ళ చెయ్యి కారం ఎక్కువ," అని రామలక్ష్మమ్మ తీర్పు చెప్పింది. "పిల్లోనికి నోరంతా పుండ్లయినాయి. కారం కొంచెం చూసి ఎయ్యమ్మా."

"మిరపకాయ వెయ్యకుండానే చేసినా అత్తా."

"మరింకేంటికి మండుతాది?"

ఎందుకు మండుతుందో హిమబిందు కూడా ఆలోచించలేదు. ఆమె ధ్యాసంతా ఒక కొత్త కామిక్కు మీద ఉంది. అందులో ఎర్రప్ప ఆవులించాలి. నోరు బాగా తెరిచిన భంగిమ కోసం పొద్దున గోడ ఫోటో తీసింది. నోరు ఒక్క టైలే ఉంది. మరుసటి రోజూ అంతే. వీడికేం రోగమని విసుక్కుంటూ షీటు తెరిచి, పాత నెలల నుంచి ఇప్పటిదాకా ఉన్న మొహాలన్నీ వరసగా పేర్చింది.

మొదటి మొహాల్లో నోరు మూడు తెల్ల చదరాలు. నడిమి మొహాల్లో రెండు. ఇప్పుడు ఒకటి. ఒంటి మీద మిగతా టైల్సన్నీ వెలుస్తూ, మారుతూ ఉన్నాయి. నోట్లో నిండిన రెండు మాత్రం నిండినప్పటి నుంచి అలాగే ఉన్నాయి. ఒక్కసారి కూడా తెల్లబడలేదు.

బొజ్జన్న ఫోటో కోసం వచ్చినప్పుడు అడిగింది. "బొజ్జన్నా, ఈ నోట్లో పడింది ఎవరిది?"

"నోరా? అది మా జోలి కాదు మేడమ్. నోట్లో పడేదంతా కిరణన్నదే. పడినచోటే మళ్ళా మళ్ళా పడతాది." బొజ్జన్న ఆశ్చర్యంగా చూశాడు. "మీకు తెల్దా? అంగడి పిల్లోడు కదా, మొదట్నుంచీ అంతే. అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలుసు. కిరణ్‌కీ తెలుసు, మామకూ తెలుసు. ఎవరికీ అది చెప్పదగ్గ విషయమనిపించలేదు, అంతే. ఆమె ఇంటర్నెట్‌లో వెతికి, గుట్కాకు నోరు బిగుసుకుపోతుందని చదివి, మధ్యాహ్నం అతన్ని పైకి పిలిచింది.

"మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోండి."

"ఏంటికి?"

"పెట్టుకోండి, చెప్తా."

అతను నవ్వాడు. నవ్వితే పెదాలు కదిలాయి గానీ దవడ కదల్లేదు. మూడు వేళ్ళు పళ్ళ దగ్గరే ఆగిపోయాయి. రెండు పెట్టి చూశాడు. ఒక్కటి పట్టింది. ఆమె తెర మీద మొహాల వరస చూపించింది, మొదటి నుంచి చివరిదాకా వేలితో చూపిస్తూ పోయింది. అతను చివరి మొహం దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"బాగా గీసినావు బిందూ," అన్నాడు, బిగుసుకున్న నోటితో. "పండ్లు జివ్వుమంటాండాయి అంతే. ఊరికే భయపడాకు."

కిందికి పోయి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని, చెయ్యెత్తాడు. పొట్లం చింపిన చప్పుడు ఆమెకు పైకి వినిపించింది. ఆ చప్పుడుకు ఒంట్లో ఎక్కడో గోరుతో గీకినట్టయింది.

సాయంత్రం మామను అడిగింది. "మామా, ఆ దండలు తీసేయండి. ఇంకొక్క టైలే ఉండాది."

వెంకటరమణయ్య అగరుబత్తి వెలిగిస్తూ, "మనమేమన్నా ఎవురి నోట్లో అయినా కుక్కుతాండామామ్మా? తినేటోళ్ళు తింటారు. మనం అమ్మకుంటే ఎదురంగట్లో కొంటారు," అన్నాడు.

"తినేది మీ కొడుకు."

"వాడు మానేస్తాడులే. చెప్తాలే."

చెప్పాడో లేదో, అంగడి మాత్రం అలాగే నడిచింది. శుభ్రంగా ఉతికిన తెల్ల పంచె, బనియన్, నొసట బొట్టు, అగరుబత్తి పొగ, ఆ పొగలో వేలాడే పొట్లాలు. ఆయన జీవితంలో ఒక్క పొట్లం కూడా చింపి నోట్లో వేసుకోలేదు. ఒక్క చుక్క ఎరుపు ఆయన ఒంటి మీద పడలేదు. ఆ తెల్ల పంచె చూస్తే హిమబిందుకు గోడను చూసినదానికంటే ఎక్కువ రోత పుట్టింది.

మొగుడు మాట వినడు. మామ వినడు. ఇక తన చేతిలో ఉన్నది పెయింట్ ఒక్కటే. ఆమె షీటు తెరిచి చూసింది. ఎర్రప్ప ముందు నుంచి ఉన్నాడు, ఎడమవైపు, కుడివైపు ఉన్నాడు. వీపు లేదు. గోడ మీద అతను ఎప్పుడూ వీపు చూపించలేదు. వెనక్కి తిరిగితే ఆ చివరి టైలు నిండదు కదా అనిపించింది. నిజానికి అన్నిటికంటే సులభమైన భంగిమ అదే. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. తల గుండ్రం నింపేస్తే సరి. అయినా ఆమెకు మధ్యాహ్నమంతా పట్టింది. ఇన్నాళ్ళూ గోడను చూసి దింపి, అక్కడక్కడా మార్చడమే గానీ, గోడలో లేని భంగిమకు మొత్తం తనంతట తాను చుక్కలు పెట్టడం అదే మొదటిసారి. టోపీ వెనక అంచు, మెడ, కొంచెం వంగిన భుజాలు. పోతున్నవాడి వీపులా వచ్చేదాకా చెరిపి చెరిపి పెట్టింది.

చూసైనా తిరుగుతాడేమోనని మూడింతలు పెంచి ప్రింటు తీసింది. జిగురు సీసా పట్టుకుని మెట్లు దిగింది. ఎర్రప్ప మలుపు దగ్గర, ఒక్క తెల్ల టైలు నోటితో, ఎదురుగా చూస్తున్నాడు. అతని కళ్ళకు ఎదురుగా, అవతలి గోడకు కాగితం అంటించాలంటే, కింద పడకుండా ఎర్రప్ప మీదే ఒక చెయ్యి ఆనించి ముందుకు వంగాలి. కాసేపు నిలబడింది. తర్వాత అరచెయ్యి తెచ్చి ఎర్రప్పకు ఆనించింది. గోడ చల్లగా, కొంచెం తడిగా, అరచేతికి అంటుకునేటట్టు ఉంది. పళ్ళు బిగబట్టి కాగితం అంటించి, పైకి పోయి సబ్బు అరిగిపోయేదాకా చెయ్యి కడుక్కుంది.

మరుసటి పొద్దున ఎర్రప్ప వెనక్కి తిరిగి ఉన్నాడు.

"ఏం, ఎర్రప్ప అలిగినాడా?" అనుకుంటూ బొజ్జన్న పైకొచ్చి, లైసెన్సుకు ఫోటో దిగి, పోయాడు. మిగతావాళ్ళ ఉమ్మి ఎప్పటిలా వచ్చి ఎర్రప్ప వీపునో కాళ్ళనో నింపింది. కిరణ్‌ది మాత్రం రాలేదు. అది నోటికి పోవడానికే అలవాటుపడింది, ఇప్పుడు గోడ మీద నోరు లేదు.

అది వెంకటరమణయ్య పంచె మీదికి వచ్చింది. మోకాలి దగ్గర, టైలంత చదరం, అంచులు గీసినట్టు. ఆయన ఎవరో లారీవాడి పని అనుకుని తిట్టుకుంటూ పంచె మార్చాడు. మరుసటి రోజు నడుము దగ్గర వచ్చింది. ఆ మరుసటి రోజు బనియన్ మీద, బొడ్డుకు కొంచెం పైన. రామలక్ష్మమ్మ బండకేసి బాదినా పోలేదు.

"శెట్టీ, ఇది కిరణన్నది. మీ మీదికెక్కుతాండాది," అన్నాడు బొజ్జన్న, వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా. "నోరు వెతుక్కుంటాండాదేమో."

వెంకటరమణయ్య నవ్వేశాడు. గుండె మీదికొచ్చిన రోజు నవ్వలేదు. చొక్కా మీద చొక్కా వేసుకున్నాడు. అయినా పై చొక్కా మీదే వచ్చింది. ఆ తర్వాత రోజు తెల్లారి అద్దంలో చూసుకుంటే గొంతు మీద, చర్మం మీదే ఉంది. గడ్డానికి ఒక్క టైలు దూరం. పసుపు, పీచు, చింతపండు పెట్టి తోమినా చర్మం కమిలింది గానీ అది చెదరలేదు. అంగట్లోకి వచ్చి కూర్చుని, మాటిమాటికీ పెదాలు తుడుచుకుంటున్నాడు. ఆయన మొహంలో హిమబిందు తన మొహాన్నే చూసింది. మెట్లెక్కేటప్పుడు తాను పెట్టే మొహం.

కిరణ్ అప్పటికే నోరు నింపుకుని ఉన్నాడు. అంగడి ముందు మురిక్కాలువలో ఉమ్మడానికి లేవబోయాడు.

"ఒరే," అన్నాడు వెంకటరమణయ్య. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఊసొద్దురా."

కిరణ్ ఆగాడు. తండ్రి గొంతు మీది ఎర్ర చదరాన్ని చూశాడు, దాని పైన తుడిచి తుడిచి వాచిన పెదాలను చూశాడు. రేపు ఇది ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. నోట్లో ఊట ఊరుతోంది. ఉమ్మలేడు, మింగలేడు, మాట్లాడలేడు. ఉప్పు ప్యాకెట్టు కోసం వచ్చినామె రెండుసార్లు అడిగి వెళ్ళిపోయింది. బుగ్గలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరిగి, అతను ఇంకా నిలబడే ఉన్నాడు. హిమబిందు మెట్ల మీంచి చూస్తోంది.

చివరికి అతను మింగాడు.

మింగిన వెంటనే వాంతి వచ్చింది, కానీ నోరు తెరుచుకోలేదు. ఒక వేలు పట్టే సందులోంచి అది రాలేక ముక్కులోంచి వచ్చింది. అతను ఊపిరాడక కౌంటరు చెక్క పట్టుకుని వంగిపోయాడు. వెంకటరమణయ్య లేచి నిలబడ్డాడు గానీ ఏం చేయాలో తెలియక చేతులు గాల్లోనే ఉంచాడు. హిమబిందు దిగి వచ్చింది. కుచ్చిళ్ళు పట్టుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. అతని తల ముందుకు వంచి, ముక్కు చీదించి, రెండు వేళ్ళతో పెదాలు పక్కకు లాగి పట్టుకుంది. ఆమె చేతుల నిండా, చీర నిండా ఆ ఎర్రటి వెచ్చటి కంపు. అసహ్యం వేసింది. ఎంతగా అంటే, కళ్ళు గట్టిగా మూసుకుంది. చేతులు మాత్రం తీయలేదు.

అతను ఊపిరి పీల్చుకున్న తర్వాత వెంకటరమణయ్య పొట్లాలు కట్టే దారం తెంపే కత్తెర తీసుకుని, స్టూలెక్కి, దండలన్నీ ఒక్కొక్కటే కత్తిరించాడు. అవి కింద వాంతిలో పడ్డాయి. స్టూలు దిగి, ఆ వాంతి తానే ఎత్తిపోశాడు. అప్పుడు ఆయన పంచె నిజంగా ఖరాబైంది.

కడపలో నోటి డాక్టరు కిరణ్ దవడ పట్టుకుని చూసి, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే వేలు కూడా పట్టేది కాదన్నాడు. సూదులు వేశాడు. ఐస్‌క్రీం పుల్లలు కట్టగట్టి పళ్ళ మధ్య పెట్టుకోమన్నాడు, పట్టినప్పుడల్లా ఇంకొక పుల్ల చేర్చమన్నాడు. మొత్తం తెరుచుకుంటుందని మాట ఇవ్వలేదు. గుట్కా మళ్ళీ ముట్టుకుంటే ఇక తన దగ్గరికి రావద్దన్నాడు. కిరణ్ గల్లాపెట్టె దగ్గర పుల్లలు నోట్లో పెట్టుకుని, చొంగ కారుతూ, సబ్బులూ పప్పులూ అమ్మాడు. అదీ చూడ్డానికి రోతగానే ఉండేది. హిమబిందు తువ్వాలు అందిస్తూ ఉండేది.

లారీల వాళ్ళు కొన్నాళ్ళు గొణిగి ఎదురంగడికి మళ్ళారు. ఆ అంగడి గోడ మామూలు గోడ, అక్కడ ఉమ్మి ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది. కొత్త సరుకు రాక ఎర్రప్ప రోజురోజుకూ వెలిసిపోయాడు. ముందు టోపీ పోయింది, తర్వాత చేతులు, వంగిన భుజాలు. వెంకటరమణయ్య గొంతు మీది మరక కూడా పుల్లలు పెరిగేకొద్దీ మెల్లగా పలచబడింది. ఒక పొద్దున చూస్తే గోడ మీద మనిషి లేడు. నోరున్న చోట రెండు ఎర్ర టైల్సు మాత్రం మిగిలాయి. కిరణ్‌వి. ఇంకొన్ని నెలలకు వాటిలో ఒకటి తెల్లబడింది. రెండోది పోలేదు. డాక్టరు కూడా అంతే చెప్పాడు, రెండు వేళ్ళు పడతాయి, మూడోది ఇక పట్టదని. వెంకటరమణయ్య ఇప్పటికీ దేవుడి గదిలోంచి రాగానే ఒక తడిగుడ్డ తీసుకుని ఆ టైలును తుడిచి పోతాడు.

ఒక ఆదివారం హిమబిందు ఉగ్గాని చేసింది. బజ్జీలు వేసి, అడక్కుండానే ఒకటి అతని పళ్ళెంలో పెట్టింది. మిరపకాయ తీయలేదు, గింజలు కూడా తీయలేదు. కిరణ్ బజ్జీని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నోరు తెరిచినంత తెరిచి, కొన కొరికాడు. నమిలాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి, ముక్కు కారింది, చెవులు ఎర్రబడ్డాయి. హిమబిందు మంచినీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని నిలబడింది.

"కారం చాల్లే," అన్నాడు అతను, రెండోసారి కొరుకుతూ.